హవాలా: ఫిఖహ్ గ్రంథాల్లో, పారిస్ నివేదికలో

పారిస్ కేంద్రంగా పనిచేసే ఫైనాన్షియల్ యాక్షన్ టాస్క్ ఫోర్స్ 2013 అక్టోబరులో హవాలా మీద ఒక ప్రత్యేక నివేదిక వెలువరించింది. అక్రమార్జనను సక్రమార్జనగా చూపటంలోనూ, ఉగ్రవాద చర్యలకు ధనం చేరవేయటంలోనూ హవాలాకు, దానివంటి ఇతర పద్ధతులకు గల పాత్ర ఎంత అన్నది దాని విషయం. నివేదిక వెలువడి పదేళ్లు దాటింది. అయినా దాని వెనుకనున్న సూత్రాల ప్రభావం తగ్గలేదు. గల్ఫ్ సంపాదన మీద ఆధారపడిన కుటుంబాలు వీధి వీధిన ఉన్న హైదరాబాదు పాతబస్తీలో ఈ నివేదిక పేరు విన్నవారు అరుదు. దాని ఫలితం ఏదో ఒక రూపంలో అనుభవించనివారు కూడా అరుదే.

తెలుగు పత్రికల్లో హవాలా అనే మాట స్థిరపడిన తీరును ముందుగా గమనించాలి. 1991లో బయటపడిన జైన్ సోదరుల డైరీలు, ఆ వ్యవహారంలో 1997 డిసెంబరు 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ఈ రెంటి మధ్య సాగిన రాజకీయ దుమారంలో ఈ అరబ్బీ పదం లంచానికీ, దొంగసొమ్ముకూ పర్యాయపదమైపోయింది. సాధారణ పాఠకునికి హవాలా అంటే నోట్ల కట్టలు, పోలీసు తనిఖీ. మదరసా విద్యార్థికి మాత్రం అది హిదాయా గ్రంథంలో కఫాలా తర్వాత వచ్చే ఒక అధ్యాయం. హజ్రత్ ఇమామ్ బుఖారీ తమ హదీసు సంకలనంలో దీనికి ప్రత్యేకంగా ఒక భాగమే కేటాయించారు. స్తోమత ఉన్నవాడు బాకీ తీర్చకుండా జాప్యం చేయటం అన్యాయమనీ, బాకీ వసూలుకై ఎవరినైనా స్తోమతపరుని వద్దకు పంపితే అతడు అంగీకరించాలనీ తెలిపే హదీసు, హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించినది, అక్కడే ఉంది.

ఫిఖహ్ పరిభాషలో హవాలా అంటే అప్పును ఒకరి బాధ్యత నుండి మరొకరి బాధ్యతకు మార్చటం. గ్రంథాల ఆనవాయితీ ప్రకారం జైద్, అమ్ర్, బకర్ అనే పేర్లతో చెప్పుకుంటే, జైద్ అమ్ర్‌కు బాకీ ఉన్నాడు. జైద్ అమ్ర్‌తో, నీకు రావలసింది బకర్ ఇస్తాడు అంటాడు. అమ్ర్, బకర్ ఇద్దరూ ఒప్పుకుంటారు. ఇక జైద్‌కు విముక్తి. ఇక్కడ హనఫీ పండితులు ఒక ముఖ్యమైన షరతు పెట్టారు. బకర్ దివాలా తీసి మరణించినా, సాక్ష్యం లేని స్థితిలో ఒప్పందాన్నే నిరాకరించినా, బాధ్యత తిరిగి జైద్ మీదికి వస్తుంది. అంటే రావలసినవాని హక్కు గాలికి పోరాదు. ఉస్మానియా ఖిలాఫత్ కాలంలో, 19వ శతాబ్దంలో క్రోడీకరించబడిన మజల్లాలో కూడా హవాలాకు ఒక పూర్తి గ్రంథభాగం ఉంది. ఇది చీకటి వ్యవహారం కాదు. ఖాజీ ఎదుట నిలబెట్టదగిన ఒప్పందం.

డబ్బును ఒక ఊరి నుండి మరొక ఊరికి చేర్చే పద్ధతికి ఫిఖహ్‌లో సరిగా వర్తించే పేరు వేరే ఉంది. అది సుఫ్తజా. ఒక ఊరిలో సొమ్ము అప్పుగా ఇచ్చి, దానిని మరో ఊరిలో పుచ్చుకోవటం. దారిలో దొంగల భయం తప్పుతుంది. అప్పు ఇచ్చినవాడు ఆ అప్పు ద్వారా ఒక ప్రయోజనం పొందుతున్నాడు కనుక హనఫీ పండితులు దీనిని మక్రూహ్ అన్నారు. హంబలీ పండితుడు ఇబ్నె ఖుదామా మాత్రం దీనిని అనుమతించారు. హజ్రత్ ఇబ్నె జుబైర్ (రజి) మక్కాలో ప్రజల వద్ద దిర్హములు తీసుకొని, ఇరాఖులో ఉన్న తమ సోదరుడు ముస్అబ్ పేర లేఖ రాసి ఇచ్చేవారన్న ఉల్లేఖనాన్ని ఆయన ఆధారంగా చూపారు. ఇబ్నె తైమియా అభిప్రాయం కూడా అనుమతి వైపే ఉంది. వెయ్యేళ్ల కింద పండితులు చర్చించుకున్న ప్రశ్న ఇది: ఈ చేరవేత వల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టభయం? పారిస్ నివేదికను తూచటానికి ఇంతకంటే మంచి తూనిక రాయి దొరకదు.

నివేదికకు ఇవ్వవలసిన గౌరవం ఇవ్వాలి. దాని రచయితలు హవాలా అంతటినీ నేరమనలేదు. హవాలాదారులను మూడు తరగతులుగా విభజించారు. మొదటిది కేవలం సంప్రదాయబద్ధమైనది, వలస కార్మికుల సొమ్ము చేరవేసేది. రెండవది మిశ్రమం, తెలిసో తెలియకో అక్రమ ధనానికి దారి ఇచ్చేది. మూడవది నేరస్థులతో పూర్తిగా కుమ్మక్కైనది. చవక, వేగం, నమ్మకం, బ్యాంకులు అందుబాటులో లేకపోవటం వంటి కారణాల వల్ల బీదలు ఈ పద్ధతిని ఆశ్రయిస్తున్నారని కూడా ఒప్పుకున్నారు. 2003లో అంతర్జాతీయ ద్రవ్యనిధి, ప్రపంచబ్యాంకు నిపుణులు కలిసి వెలువరించిన అధ్యయనం కంటే ఇది కొన్ని అంశాల్లో వివరంగా ఉంది. లెక్కల పరిష్కారం ఎలా జరుగుతుందో, సరుకుల ఎగుమతి దిగుమతుల ధరలను తారుమారు చేసి బాకీలు ఎలా చెల్లుబెడతారో చెప్పిన భాగం చదవదగ్గది.

లోపం విభజనలోనే ఉంది. మూడు తరగతులకూ తేడా హవాలాదారుని ఉద్దేశ్యంలో ఉంది. బయటినుండి చూసే అధికారికి ఉద్దేశ్యం కనిపించదు, లైసెన్సు మాత్రమే కనిపిస్తుంది. అందుచేత వ్యాధి మూడు రకాలని చెప్పిన నివేదికలో మందు ఒక్కటే తేలింది: లైసెన్సు లేదా నమోదు. నమోదు కానివాడు, మొదటి తరగతికి చెందిన నిజాయితీపరుడైనా సరే, ఆచరణలో మూడవ తరగతి వాని పక్కన నిలబడతాడు.

ఈ సూత్రాలు ఎక్కడ తయారయ్యాయో కూడా చూడాలి. 1989లో ఏడు సంపన్న దేశాల అధినేతలు పారిస్‌లో సమావేశమై, ప్రధానంగా మాదకద్రవ్యాల సొమ్మును అరికట్టే ఉద్దేశ్యంతో ఈ సంస్థను నెలకొల్పారు. 2001 సెప్టెంబరు ఘటనల తర్వాత, అక్టోబరులో, ఎనిమిది ప్రత్యేక సిఫార్సులు చేర్చారు. బ్యాంకులకు వెలుపల డబ్బు చేరవేసే ప్రతివారూ లైసెన్సు పొందాలి లేదా నమోదు కావాలి అన్నది వాటిలో ఆరవది. ఆనాడు భారతదేశం ఇందులో సభ్యురాలు కాదు. 2010లో అయింది. గల్ఫ్ దేశాలు తమ సహకార మండలి పేర మాత్రమే ఉన్నాయి. విడిగా సభ్యత్వం పొందిన తొలి అరబ్బు దేశం సౌదీ అరేబియా, అది కూడా 2019లో. అంటే కార్మికుని సొమ్ము బయలుదేరే దేశానికీ, చేరే దేశానికీ సొంత ఆసనం లేని గదిలో ఆ సొమ్ము నడవవలసిన దారి నిర్ణయించబడింది. సిఫార్సు అనే మాట మెత్తగా వినిపిస్తుంది గాని, పాటించని దేశాన్ని పరిశీలన జాబితాలో పెడితే దాని బ్యాంకులతో లావాదేవీలంటే ప్రపంచం జంకుతుంది. పాకిస్తాన్ 2018 నుండి 2022 వరకు, ఐక్య అరబ్ ఎమిరేట్లు 2022 నుండి 2024 వరకు ఆ జాబితాలో ఉన్నాయి.

అమలు ఎలా జరిగిందన్నదానికి రెండు ఉదాహరణలు పక్కపక్కన పెడితే చాలు. 2001 నవంబరు 7న అమెరికా ప్రభుత్వం అల్ బరకాత్ అనే సోమాలీ సంస్థ కార్యాలయాల మీద దాడులు జరిపి ఆస్తులు స్తంభింపజేసింది. ఆనాడు సోమాలియాకు డబ్బు చేరవేసే సంస్థలలో అది అతి పెద్దది. బ్యాంకులే లేని దేశంలో కుటుంబాలు దాని మీదే బతుకుతున్నాయి. అల్ ఖాయిదాకు ఈ సంస్థ ధనం సమకూర్చిందన్న ఆరోపణ పరిశోధనలో రుజువు కాలేదని 2004లో అమెరికా విచారణ సంఘపు సిబ్బంది రాసిన పత్రం తేల్చింది. విమానాలు హైజాక్ చేసినవారి సొమ్ము, సుమారు మూడు లక్షల డాలర్లు, అమెరికాలోని సాధారణ బ్యాంకు ఖాతాల గుండా నడిచిందని కూడా ఆ విచారణే తేల్చింది. 2008 సెప్టెంబరు 3న ఐరోపా న్యాయస్థానం, స్వీడన్‌లోని బరకాత్ సంస్థకు తన వాదన వినిపించుకునే అవకాశమే ఇవ్వలేదని చెప్పి, దానికి సంబంధించినంత వరకు ఆంక్షల ఉత్తర్వును కొట్టివేసింది. అప్పటికి ఏడేళ్లు గడిచాయి.

ఇక రెండవది. మెక్సికో మాదకద్రవ్య ముఠాల సొమ్ము, కనీసం 88 కోట్ల డాలర్లు, తన ద్వారా నడిచిందని హెచ్.ఎస్.బి.సి. బ్యాంకు 2012 డిసెంబరులో ఒప్పుకొంది. 190 కోట్ల డాలర్లు చెల్లించి బయటపడింది. ఒక్క అధికారి మీద కూడా క్రిమినల్ కేసు నడవలేదు. డెన్మార్కుకు చెందిన డాన్‌స్కే బ్యాంకు ఎస్టోనియా శాఖ గుండా 2007 నుండి 2015 వరకు నడిచిన అనుమానాస్పద ప్రవాహం 20,000 కోట్ల యూరోల లెక్కలో ఉంది. ఇవన్నీ లైసెన్సు ఉన్న సంస్థలు. పాత కోర్టు సామెతలా ఉంటుంది గాని, చిన్న వల చిన్న చేపల కోసమే అల్లినట్టుంది.

పాతబస్తీ విషయానికి వస్తే, అరబ్బు దేశాలకూ హైదరాబాదుకూ మధ్య డబ్బు నడక 1973 చమురు ధరల పెరుగుదలతో మొదలైందనుకోవటం పొరపాటు. ఒకప్పుడు అది ఎదురు దిశలో నడిచింది. నిజాం సైన్యంలో జమేదార్లుగా పనిచేసిన హజ్రమౌత్ అరబ్బుల వారసులే నేటి బార్కస్ వాసులు. ఆ జమేదార్లలో ఉమర్ బిన్ అవజ్ అల్ ఖుఐతీ వంశం ఇక్కడ కూడబెట్టిన ధనంతో, ఇక్కడి నుండి పంపిన మనుషులతో, 1866-67లో షిహ్ర్ రేవునూ, 1881లో ముకల్లా రేవునూ చేజిక్కించుకొని ఒక సుల్తానత్తునే స్థాపించింది. 1888లో అది బ్రిటీషు రక్షణ ఒప్పందం కిందికి వెళ్లింది. హైదరాబాదు సొమ్ము అరేబియా తీరంలో రాజ్యాలు నిలబెట్టింది. వందేళ్లు గడవక ముందే ఆ జమేదార్ల మునిమనుమలు అదే తీరానికి డ్రైవర్లుగా, మేస్త్రీలుగా వెళ్లి ఇంటికి రియాళ్లు పంపవలసి వచ్చింది.

పంపటం సులభం కాలేదు. 1973 నాటి విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం, ఫెరా, 1974 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. గల్ఫ్ వలస ఊపందుకున్నది సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే. విదేశంలో ఉన్నవాని తరఫున మరొకరు ఇక్కడ రూపాయలు ఇవ్వటం, పుచ్చుకోవటం రెండూ నేరం. విచారణ లేకుండా నిర్బంధించే వీలు కలిగించే కాఫిపోసా చట్టం కూడా 1974లోనే వచ్చింది. చట్టబద్ధమైన దారి బ్యాంకు డ్రాఫ్టు. అది రిజిస్టరు పోస్టులో రావాలి, ఖాతాలో వేయాలి, సొమ్ము వసూలయ్యే దాకా వారాలు ఆగాలి. పర్దాలో ఉండే తల్లికి ఖాతా తెరవాలంటే పరిచయం చేసేవారు కావాలి, సంతకం కావాలి. హవాలాదారుని మనిషి యాకుత్‌పురా గల్లీలోని ఇంటికే వచ్చి రూపాయలు లెక్కపెట్టి ఇచ్చేవాడు. పైగా ప్రభుత్వం నిర్ణయించిన మారకపు రేటు కంటే ఎక్కువ ఇచ్చేవాడు.

ఆ ఎక్కువ ఎక్కడినుండి వచ్చింది? హవాలాను పొగిడేవారూ, తిట్టేవారూ కూడా దాటవేసే ప్రశ్న ఇది. కార్మికుడు రియాద్‌లో ఇచ్చిన రియాళ్లు భారతదేశానికి రావు. అక్కడే ఉంటాయి. వాటిని కొనేవారు కొందరున్నారు. బంగారం దొంగతనంగా తెచ్చేవారు, పన్ను ఎగవేసిన రూపాయలను విదేశానికి దాటించదలచిన ధనికులు, దిగుమతి ధర తక్కువ చూపి మిగతాది చాటుగా చెల్లించే వర్తకులు. ఈ గిరాకీయే అధిక ధర. కార్మికుని ఇంట అందిన రూపాయలు ఒక ధనికుని నల్లరూపాయలు. కార్మికుని చెమట రియాళ్లు ఆ ధనికుని విదేశీ నిల్వ. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు ఎరుగరు. చట్టం చేతికి చిక్కేది మాత్రం ఎక్కువగా గల్లీలో సంచి మోసేవాడే.

దీనికి చరిత్ర చెప్పిన జవాబు పోలీసు చర్య కాదు. 1990లో బంగారం నియంత్రణ చట్టం రద్దయింది. 1991 జూలైలో రూపాయి విలువ తగ్గించారు. 1992లో విదేశాలనుండి తిరిగి వచ్చేవారు సుంకం చెల్లించి 5 కిలోల వరకు బంగారం తెచ్చుకోనిచ్చారు. 1993లో మారకపు రేటును మార్కెట్టుకు వదిలారు. చాటు ధరకూ, అసలు ధరకూ మధ్య అంతరం కుంచించుకుపోయింది. 1990-91లో భారతదేశానికి ప్రవాసులు పంపిన సొమ్ము బ్యాంకు లెక్కల్లో 200 కోట్ల డాలర్లకు కొంచెం పైన. 1996-97 నాటికి 1,200 కోట్లు దాటింది. వలస వెళ్లినవారు ఆరు రెట్లు కాలేదు. చాటుగా నడిచినదానిలో పెద్ద భాగం రాజమార్గానికి మళ్లింది. 2000 జూన్ 1 నుండి ఫెరా స్థానంలో ఫెమా వచ్చింది. నేరం కాస్తా జరిమానాతో పోయే ఉల్లంఘనగా మారింది. 2022లో ఈ దేశానికి వచ్చిన ప్రవాసుల సొమ్ము పదివేల కోట్ల డాలర్లు దాటింది. అంతకు ముందు ఏ దేశానికీ ఒక్క ఏడాదిలో అంత రాలేదు. హవాలాను తగ్గించటంలో భారతదేశపు ఈ అనుభవం కంటే పెద్ద పాఠం మరొకటి లేదు. నివేదికలో ప్రాధాన్యం దక్కింది మాత్రం పర్యవేక్షణకు.

నేడు గల్ఫ్ ఎక్స్‌ఛేంజి కంపెనీలు రూపీ డ్రాయింగ్ ఏర్పాటు కింద ఇక్కడి బ్యాంకుల్లో రూపాయి ఖాతాలు ఉంచుకొని, అక్కడ దిర్హములు పుచ్చుకొని ఇక్కడ రూపాయలు ఇప్పిస్తున్నాయి. ఒక చోట పుచ్చుకోవటం, మరో చోట ఇప్పించటం, మధ్యలో ఒక వార్త. సుఫ్తజా చదివిన విద్యార్థి దీనిని వెంటనే గుర్తుపడతాడు. ముందుగా ఖాతాలో సొమ్ము నింపి ఉంచాలి, పంపేవారి పేరు రాయాలి. తేడా అంతే. అది చిన్న తేడా కాదు, మంచి తేడాయే. కాని లైసెన్సు వల్ల పద్ధతి పుణ్యమైందని, లేనందువల్ల పాపమైందని అనుకోనవసరం లేదు.

లైసెన్సు చరిత్ర హైదరాబాదుకు బాగా తెలుసు. దేశీయ రాజులకు బ్రిటీషు ప్రజలు అప్పులివ్వరాదని పార్లమెంటు చట్టం చేసిన తర్వాత, విలియం పామర్ కంపెనీ 1816లో గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ నుండి ప్రత్యేక అనుమతి సంపాదించి నిజాం ప్రభుత్వానికి భారీ వడ్డీలకు అప్పులిచ్చింది. కంపెనీ భాగస్వాములలో ఒకరు గవర్నర్ జనరల్ పెంచిన అమ్మాయికి భర్త. 1820లో 60 లక్షల అప్పు మీద గొడవ ముదిరి, రెసిడెంటు మెట్‌కాఫ్ ఆ లెక్కలు బయటపెట్టాడు. బాకీ తీర్చటానికి నిజాం, ఉత్తర సర్కారుల కింద తనకు ఏటా రావలసిన పేష్కష్‌ను శాశ్వతంగా వదులుకోవలసి వచ్చింది. నియంత్రణ చట్టం ఉంది, అనుమతి పత్రం ఉంది, ఖజానా మాత్రం ఖాళీ అయింది.

1948 నాటి పది లక్షల పౌండ్ల కథ కూడా ఈ సందర్భంలోనే చెప్పుకోవాలి. సెప్టెంబరు 20న లండన్ వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులోని హైదరాబాదు ఖాతా నుండి 10,07,940 పౌండ్లు పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతూలా ఖాతాకు మారాయి. వారం తిరిగే సరికి, అది తన అనుమతి లేకుండా జరిగిందని నిజాం బ్యాంకుకు రాశాడు. 1957లో ప్రభువుల సభ, పరాయి రాజ్యాన్ని కోర్టుకు లాగరాదన్న సూత్రం మీద వ్యాజ్యాన్ని ఆపివేసింది. 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు, ఆ సొమ్ము పాకిస్తాన్‌ది కాదని తీర్పు చెప్పేనాటికి అది మూడున్నర కోట్ల పౌండ్లయింది, పంపినవారూ పుచ్చుకున్నవారూ గతించారు. దొరబాబుల బ్యాంకులో, పుస్తకాల్లో స్పష్టంగా రాసి ఉన్న సొమ్ముకు హక్కుదారు ఎవరో తేలటానికి 71 సంవత్సరాలు పట్టింది. అంతర్జాతీయ ధన వ్యవహారాల్లో నియమం ఎంత స్పష్టంగా ఉన్నా, రాజ్యాల పరపతి దాని మీద కూర్చుంటుంది.

ఇంతమాత్రాన హవాలాను ఇస్లామీయ వారసత్వంగా భుజాన వేసుకొని సమర్థించే ధోరణి సరైనది కాదు. ఉర్దూ, తెలుగు ముస్లిం రచనల్లో ఇది అప్పుడప్పుడు కనిపిస్తుంది. మొదటి అభ్యంతరం ఫిఖహ్‌దే. రియాళ్లకు రూపాయలు మార్చటం సర్ఫ్ కిందికి వస్తుంది. బంగారం వెండి విషయంలో రెండు వైపులా అక్కడికక్కడే చేతులు మారాలి, జాప్యం వడ్డీ అవుతుంది. కాగితపు నోట్లను వెండి బంగారాలతో సమానంగా చూడాలా, ఫులూస్‌గా చూడాలా అన్న విషయంలో ఆధునిక పండితుల్లో భేదాభిప్రాయం ఉంది. ఆ చర్చను ముట్టకుండా హవాలా హలాల్ అని తేల్చటం తొందరపాటు. రెండవది, సొమ్ము పరిష్కారమయ్యే రెండవ కొసలో దొంగ బంగారం, పన్ను ఎగవేత ఉన్నాయని తెలిసీ కళ్లు మూసుకోవటం. చట్టం నిషేధించిన మార్గంలో నడిచి తనను తాను అవమానానికి గురిచేసుకోవద్దని ముఫ్తీలు చెప్పేది ఊరికే కాదు. వడ్డీలేని లాభమని ఆశ చూపిన సంస్థలు 2018లో హైదరాబాదులో, 2019లో బెంగుళూరులో కూలినప్పుడు బీద ముస్లింల జీవితకాలపు పొదుపు చిక్కుకుపోయింది. ధార్మిక పదజాలం నిజాయితీకి పూచీ కాదని అంతకంటే రుజువు అక్కరలేదు.

మూడవ అభ్యంతరం ఇంటి ఆడవారికి సంబంధించినది. హవాలాదారుడు సొమ్ము ఎగవేస్తే ఏమి దారి? ఫెమా 3వ సెక్షను ప్రకారం, అధీకృత సంస్థ ద్వారా కాక, విదేశంలో ఉన్నవారి తరఫున సొమ్ము పుచ్చుకోవటమే ఉల్లంఘన. జరిమానా ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా ఉండవచ్చు. చట్టవిరుద్ధమైన ఒప్పందాన్ని కోర్టు అమలు చేయదు. ఫిర్యాదు చేసిన తల్లి తన ఉల్లంఘనను తానే ఒప్పుకున్నట్టవుతుంది. హనఫీ పండితులు పెట్టిన షరతు, బకర్ నిరాకరిస్తే బాధ్యత జైద్ మీదికి తిరిగి వస్తుందన్నది, ఇక్కడ ఎవరూ అమలు చేయలేనిది. గల్ఫ్‌లో మరణించిన కార్మికుని ఆఖరి నెలల జీతం ఈ దారిన బయలుదేరి మధ్యలో ఆగిపోతే, అతని విధవకు హవాలాదారుని మాట తప్ప చేతిలో చీటీ కూడా ఉండదు.

పారిస్ సంస్థ సిఫార్సులు ఈ స్త్రీని చూడవు. చేరవేసేవారు వివరాలు రాయాలి, ఖాతాదారుని గుర్తించాలి, అనుమానం వస్తే ప్రభుత్వానికి తెలపాలి అని అవి కోరుతాయి. 2030 నాటికి ప్రవాసుల సొమ్ము పంపే ఖర్చును 3 శాతం కంటే తక్కువకు తేవాలన్న ఐక్యరాజ్యసమితి లక్ష్యం ఒకటి వేరే కాగితంలో ఉంది, దానికి జాబితాలూ లేవు, శిక్షలూ లేవు. నమోదైన హవాలాదారుడు తన పుస్తకాన్ని తనిఖీ అధికారికి చూపాలి. సొమ్ము అందని ఇంటివారు అడిగితే అదే పుస్తకం చూపాలనీ, అందకపోతే తిరిగి ఇవ్వవలసిన బాధ్యత ఎవరిదో ముందే రాసి ఇవ్వాలనీ ఒక సిఫార్సు చేర్చటం కష్టమేమీ కాదు. హిదాయా అధ్యాయంలో ఆ బాధ్యత ఎవరిదో రాసే ఉంది.